మెడకు పైన, మెడకు క్రింద

మార్గశిరమాసపు తొలిసంజలో మిరపచేల మీదనుండి లేచిన మంచు పట్టణపు పొలిమేరలు దాటి వీథుల వెంట ప్రాకి వచ్చి ప్రభుత్వ వైద్యశాల ప్రాంగణమును నిండార ముంచివేసి దీపస్తంభములను మ్రింగి వరండాలలో దుప్పట్లు కప్పుకొని కూర్చున్న రోగిబంధువుల చుట్టల నిప్పులను మాత్రము ఎర్రని చుక్కలుగా మిగిల్చియుండెను. ఆ ధవళాంధకారమున ద్వారమంటపము క్రింద ఒక అంబులెన్సు ఇంజను ఆర్పక గురగురలాడుచు నిలిచియుండెను. అది ఎవరినో తెచ్చినది కాదు. ఒకతెను కొనిపోవుటకు వచ్చినది.

ఆ ఒకతె దీనమ్మ. మిరపతోటలలో కూలిచేసి బ్రతుకు యువతి. మొన్నటి సాయంకాలము నోట నురుగుతో స్మృతిదప్పి పడియున్న ఆమెను తన ట్రాక్టరుపై వేసికొని వచ్చిన ఆసామి అంకినీడు "మొగుడితో పోట్లాడి పురుగుల మందు తాగిందండీ" యని చెప్పగా వైద్యులు ఆ మాటనే ప్రమాణముగ గైకొని కడుపు కడిగి విషమునకు విరుగుడైన సూదిమందును నరములకెక్కించిరి. విషము కొంత తగ్గి మరల విజృంభించుచుండెను. విరుగుడును పెంచుచుండిరి. పెంచిన కొలది దీనమ్మ కనుపాపలు విచ్చుకొని ఒడలు నిప్పువలె కాగి మాట తడబడి గాలిలో కానరాని వానిని పట్టుకొనుచు వార్డు దద్దరిల్ల కేకలు వేయజొచ్చెను. అంతట ఆమె చేతులను కట్టుగుడ్డ పేలికలతో మంచమునకు బిగించిరి. ఆ మంచపు తలాపునను కాళ్లవైపునను అంకినీడు తండ్రి నామధేయము పచ్చని అక్షరములతో వ్రాయబడియుండెను. అంకినీడు వైద్యశాలాభివృద్ధి సంఘమున సభ్యుడు. ఆ వార్డులోని మంచములన్నియు అతని దానములే.

ఇట్టి రోగిని దూరనగరమందలి పిచ్చాసుపత్రికి పంపవలెనన్న మానసిక వైద్యురాలు చూచి సరే యనవలెను. ఆ వైద్యురాలు డాక్టర్ నాంచారమ్మ. శవాగారమునకు పోవు దారిలో ఆమెకొక ఇరుకుగది యిచ్చిరి. జనులు దానిని పిచ్చిగది యనిరి. సహవైద్యులు తమ రోగులలో ఎవరైన కేకలు వేసిననే తప్ప ఆమె యునికిని తలచెడివారు కారు. తలచినప్పుడును ఆమె ఆలోచన కొరకు గాక ఆమె తలయూపు కొరకే తలచెడివారు.

ఆమె వార్డులో అడుగిడగనే ముఖ్యవైద్యుడు భుజంగరావు చిరునవ్వుతో ఎదురువచ్చెను.

"రండి మేడమ్. మెడకు కిందంతా మేం చూసేశాం. మెడకు పైన మీదే. ఒక్క మాట అనేస్తే బండి కదులుతుంది."

"మనిషిని చూడకుండానా సార్?"

"చూసేదేముందమ్మా, నాలుగు వీధులకు వినపడతాంటే!" అని అంకినీడు నడుమ దూరెను. "ఇట్టాంటిది ఊళ్లో ఉంటే పిల్లాజెల్లా జడుసుకుంటారు. ఖర్చంతా నాదే. పంపించెయ్యండి."

గోడకు చేరగిలబడి దీనమ్మ భర్త ఏసుపాదము తల వంచుకొని "నేనేమన్నానని తాగిందో నాకు తెల్వదు తల్లీ" యని తనలో తాను గొణుగుకొనుచుండెను. రెండు దినములుగ ఊరంతయు వానినే హంతకునివలె చూచుచుండెను.

నాంచారమ్మ మంచముకడకు పోయి "కట్లు విప్పు సలోమీ" యనెను.

"కొరుకుద్దమ్మా! ఇందాక నా చెయ్యి అందుకోబోయింది," అని నర్సు సలోమి వెనుకాడెను.

"కొరికితే నన్నే కొరుకుతుందిలే. విప్పు."

కట్లు వీడినంతనే అందరును రెండడుగులు వెనుకకు వేసిరి. దీనమ్మ ఎవరిని కొట్టలేదు. ఆమె ఎడమచేయి నడుము ప్రక్కకు పోయి ఏదో పిడిని పట్టినట్లు పైకిని క్రిందికిని ఆడసాగెను. కుడిచేయి ముందుకు సాగి పిడికిలి బిగించి కుడియెడమలకు తూగుచు ఏదో చల్లుచున్నట్లు కదలెను. అంతలో ఆ రెండు చేతులును అకస్మాత్తుగ భుజములకెగసి అచట లేని పట్టీలను పట్టుకొని ఊడదీయ యత్నించుచు "దించండి, దించండి" యను ఆక్రందనతో పెనుగులాడెను.

నాంచారమ్మ కనురెప్ప వేయక చూచుచుండెను. మతిభ్రమయందు మనుష్యుడు తన వృత్తిని విడువడని ఆమె యెరుగును. గాలిలో టికెట్లు చించి యిచ్చిన బస్సు కండక్టరును ఆమె యీ వార్డులోనే చూచియుండెను. మిరపసీమలో పుట్టిపెరిగిన ఆమెకు ఇప్పుడు తన కన్నులయెదుట ఆడుచున్నది పిచ్చి కాదని వీపున పిచికారీ ట్యాంకు మోయుచున్న కూలి శ్రమయని తెలియుటకు నిమిషము పట్టలేదు.

"మందు తాగిన మనిషి ట్యాంకు ఎందుకు మోస్తోంది సార్?"

అంకినీడు ముఖమున నెత్తురు ఇంకిపోయెను. భుజంగరావు దానిని గమనింపక విసుగుకొనెను. "మళ్లీ మొదలుపెట్టారా మీ మనస్తత్వ శాస్త్రం?"

"శాస్త్రం సంగతి తర్వాత. వీపు చూశారా?"

"తాగిన కేసుకు వీపెందుకండీ?"

"మెడకు కిందే ఉంటుంది కదండీ. మీదే."

ఎవరో కిసుక్కున నవ్విరి. నాంచారమ్మయు సలోమియు కలసి దీనమ్మను మెల్లగ ప్రక్కకు ఒత్తిగిలజేసిరి. మెడ మొదలుకొని నడుము వరకు ట్యాంకు ఆనుచోటనెల్ల చర్మము కమిలి ఎర్రబారి పొక్కులెక్కియుండెను. వెంట్రుకల కొప్పు విప్పగనే పురుగులమందు వాసన గుప్పున ముక్కుపుటములను తాకెను. భుజంగరావు ముందునకు వంగెను. మరల నిటారుగ నిలిచినప్పుడు అతని మోమున చిరునవ్వు లేదు. అహంకారియైనను అతడు వైద్యుడు.

"కడుపు కడిగాం," అనెను మందస్వరమున. "ఒళ్లు కడగలేదు. విషం ఇంకా చర్మం నుంచి దిగుతూనే ఉంది. దానికని మేం పెంచిన విరుగుడే ఈమెకు మతి తప్పించింది. సలోమీ! చేతులకు తొడుగులేసుకో. సబ్బు, నీళ్లు, త్వరగా!"

"డాక్టరుగారూ!" అని అంకినీడు గర్జించెను. "పిచ్చిది చేతులూపితే ఈవిడ కథలల్లుతాంది, మీరు వింటా నిలబడ్డారా? ఏమమ్మా, బదిలీ అంటే తెలుసా నీకు?"

నాంచారమ్మ అతనివైపు తిరిగెను. "చేయించండి. బదిలీ కాగితం వచ్చేలోగా ఈమెకు తెలివొస్తుంది. నాకదే చాలు."

పిమ్మట ఆమె ద్వారమంటపమునకు నడచిపోయి "ఇంజను ఆపు నాయనా, ఎవరూ రారు" అని అంబులెన్సు నడుపువానితో పలికెను. ఆ గురగుర ఆగగనే వైద్యశాల అంతయు ఒక్కసారి ఊపిరి పీల్చినట్లుండెను.

వార్డు వరండాలో దుప్పటి తెర కట్టి దీనమ్మను శిరస్సు మొదలు పాదముల వరకు సబ్బునీట మరల మరల కడిగిరి. భుజంగరావు స్వయముగ నాడి చూచుచు విరుగుడును కొంచెము కొంచెముగ తగ్గించెను. అంకినీడు మనుష్యులు తలుపుకడ తచ్చాడుట గాంచిన నాంచారమ్మ తన కుర్చీని తెప్పించి ఆ మంచము ప్రక్కనే వేయించుకొని తన రోగులనెల్ల అచటికే రప్పించుకొనెను.

"ఇది మెడికల్ వార్డమ్మా!" అని సలోమి బుగ్గలు నొక్కుకొనెను.

"ఇయ్యాళ్టికి ఇదే పిచ్చిగది. అభ్యంతరమున్నవాళ్లను నాకు చూపించు, వరసలో కూర్చోబెడతా."

మరునాటి యుదయమున మంచు మరల కమ్మియుండగా అంకినీడు హెడ్ కానిస్టేబులును వెంటనిడుకొని వచ్చెను. విషము త్రాగినట్లు వాఙ్మూలము పూర్తియైన చాలునని అతని తొందర. అప్పటికి దీనమ్మ కన్నులు విప్పి గొంతు తడుపుకొని పైకప్పు వంక చూచుచుండెను.

"డాక్టరమ్మా, మతి స్థిరంగా ఉందని మీరంటేనే నేను కలం తీసేది," అనెను కానిస్టేబులు.

నాంచారమ్మ వంగి అడిగెను. "దీనమ్మా, ఎక్కడున్నావో తెలుసా?"

దీనమ్మ కన్నులు మెల్లగ కాళ్లవైపునకు మరలి అచటి పచ్చని అక్షరములపై నిలిచెను.

"ఆసామిగారి నాయన మంచం మీద. పేరుందిగా."

వార్డు ఘొల్లున నవ్వెను. కానిస్టేబులు మీసము చాటున నవ్వుకొని కలము తీసెను.

"మందెందుకు తాగావు?" అని అతడు అడిగెను.

"నేనా? తాగటమేంది?" అని ఆమె లేవబోయి లేవలేక పడెను. "ట్యాంకు కారతాంది ఆసామీ, వీపు మండతాంది, దించుతానంటిని. సగం చేనయిందిగా, కానీయమన్నాడు. తర్వాత నాకు తెల్వదు."

గోడకడ ఏసుపాదము తల యెత్తెను. మూడు దినములలో వాడు తల యెత్తుట అదియే మొదలు.

"పిచ్చిదాని మాట సాక్ష్యమవుద్దా?" అని అంకినీడు అరచెను. "నిన్నటిదాకా కట్టేస్తే పడుందిది!"

నాంచారమ్మ లేచి నిలిచెను. ఆమె కంఠము హెచ్చలేదు.

"ఈ ఆసుపత్రిలో ఎవరికి మతి ఉందో ఎవరికి లేదో చెప్పమని మీరే నన్ను పిలిపించారు. చెబుతున్నాను. ఈమెకు ఉంది. రాసుకోండి హెడ్‌గారూ."

కలము కదలెను. భుజంగరావు ప్రక్కన నిలిచి వీపు గాయములను తన నోటితోనే వర్ణించి వ్రాయించెను.

లోకమునకు వినుట కష్టమైన మాటను పిచ్చి యనుట సులభము. కాని నోరు తడబడినను చేతులు నిజము పలుకుచునే యుండును. వానిని కట్టివేయక చూచువారొకరు కావలెను. సూర్యుడు మంచును చీల్చుకొని వార్డులోనికి వచ్చు వేళకు దీనమ్మ రెండు చేతులతోను గ్లాసు పట్టుకొని పాలు త్రాగుచుండెను. విప్పివేసిన కట్టుగుడ్డ పేలికలు మంచపు కమ్మికి వ్రేలాడుచు దాత తండ్రి పేరును సగము కప్పివేసియుండెను. వానిని తీసివేయుమని ఆనాడు ఎవరును చెప్పలేదు.