పిలిస్తే పలకవలసిన ఇల్లు

హవాయి దీవిలో ఆంటీ లెయిమోమి రోజూ తెల్లవారగానే మొగలాకుల ముళ్లు తీసి చాప అల్లడానికి కూర్చుంటుంది. ఉడికిన చేమదుంపలు దంచి ముద్ద చేయడం కూతురు నోహెయా పని. ఎవరైనా వాకిట్లో నిలబడి "హూయి" అని పిలిచి, పేరు చెప్పి ఆగితే, ఇంట్లో ఉన్నవాళ్లలో పెద్దవారు "ఎ కొమొ మై", అంటే లోపలికి రమ్మని పలకాలి. జవాబు రాకముందే అడుగు వేస్తే ఇల్లు వెనక్కి జరుగుతుంది. కోళ్లు దాని వెంట జరుగుతాయి. బీమా అమ్మేవాడొకడు పొద్దుగూకేదాకా నడిచి, చేమ మడి బురదలో చెప్పు పోగొట్టుకుని వెళ్లిపోయాడు.

నోహెయాను పెళ్లాడతానని అయోవా నుంచి వచ్చిన రస్సెల్‌కి ఆంటీ ఒకటే షరతు పెట్టింది.

"ఆదివారం లోగా నా గడప తొక్కితే పెళ్లి. లేకపోతే విమానం ఎక్కు. పిల్ల నీతో రాదు."

నోహెయా కంచె దగ్గర నిలబడి అతనికి మాటలు నేర్పింది. "థాంక్స్ చెప్పాలంటే మహాలో కాదు, మహలొ. హవాయి అన్నప్పుడు చివరి 'ఇ'కి ముందు గొంతు ఒక్క క్షణం ఆగాలి. నువ్వు ఆగకుండా మింగేస్తున్నావు."

రస్సెల్ రాత్రింబవళ్లు వల్లించాడు. గురువారం వచ్చి చక్కగా పిలిచి, చక్కగా పేరు చెప్పి, చకచకా నడిచాడు. ఇల్లు పదడుగులు వెనక్కి పోయింది.

"పిలిచాను కదా ఆంటీ!"

"పిలిచావు. ఎవరు పలికారు? నీకు నోరుంది గానీ చెవుల్లేవు."

శుక్రవారం గడియారం చూసుకుంటూ నిమిషం ఆగి నడిచాడు. ఇల్లు కాలవ గట్టుదాకా పోయింది. ఆంటీ పడీపడీ నవ్వింది. "రైలు కోసం ఆగినట్టు ఆగాడు, వెర్రివాడు!"

శనివారం అతను అరటిగెల ఒకటి మోసుకొచ్చి వాకిట్లో దించాడు. పిలిచి, పేరు చెప్పి, నిలబడ్డాడు. గడియారం చూడలేదు. వాన మొదలైంది. అతను కదల్లేదు.

ఆంటీ లేచి, ముక్కాలిపీట తీసుకుని ఇంటి వెనక చూరు కిందకు పోయి కూర్చుంది.

"అమ్మా, పలుకు. రెండు గంటలైంది," అంది నోహెయా వెనక గుమ్మంలోంచి.

"నాకేం వినపడలేదు."

"నాకు వినపడిందే!"

"పిలవకపోయినా వినపడే వయసు నీది. రేపటిదాకా తడవనీ. ఎల్లుండి పీడ పోతుంది."

పిలిచినవాడు ఆగాలి. విన్నవాడు పలకాలి. పరాయివాడి తప్పుకు శిక్ష వేసి, తన తప్పును ముక్కాలిపీట మీద కూర్చోబెట్టడం పెద్దరికం కాదు.

ఇల్లు కదిలింది. ఈసారి ముందుకు. ఆంటీ తలమీద నుంచి చూరు తప్పుకుంది. వాన ఆమె నెత్తిన పడింది. గడప పోయి రస్సెల్ కాళ్ల దగ్గర ఆగింది. అతను చెప్పులు విప్పి, అరటిగెల ఎత్తుకుని లోపలికి వెళ్లాడు.

ఆంటీ గబగబా నడిచింది. ఇల్లు ఆమెకు అందకుండా జరిగింది. తిట్టింది, ఇంకా జరిగింది. ఆ ఇంట్లో పుట్టి అరవై రెండేళ్లు బతికిన మనిషి, చివరికి బురదలో నిలబడి పిలిచింది.

"హూయి. నేను, లెయిమోమిని."

లోపల ఉన్న ఇద్దరిలో రస్సెలే పెద్ద. పలకవలసింది అతనే. నోహెయా అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండు. ఆవిడనూ కాసేపు నాననీ. మూడు రోజుల నుంచీ ఎంత ఏడిపించింది!"

"పిలిచింది కదా," అని రస్సెల్ చెయ్యి విడిపించుకుని గుమ్మంలోకి వచ్చాడు. "ఎ కోమో మై, ఆంటీ!"

ఇల్లు నిలిచింది. ఆంటీ నీళ్లు కారుతున్న గౌను పిండుకుంటూ గడప దాటింది. అతని మొహం చూడలేదు.

"కొమొ. పొట్టిగా అనాలి. గొడ్లను అదిలించినట్టు సాగదీయకు."

అల్లుడికి ఆమె తన నోటితో చెప్పిన మొదటి పాఠం అది.