మంచు పట్టని గాలం

ఒరావా ఏట్లో హ్లవాత్కా పట్టాలంటే చలికాలమే. మీసాలు గడ్డకట్టే చలి పడితే తప్ప ఆ మహాతల్లి రాళ్ళ కింద నుంచి కదలదు. పట్టుకు నిలబెడితే మనిషి ఛాతీ దాకా వచ్చే చేప అది. ఒక్కటి పట్టినవాడు చచ్చేదాకా దాని కబుర్లే చెబుతాడు, పట్టనివాడు చచ్చేదాకా దానికోసమే తిరుగుతాడు. నవంబరు నుంచి ఏడాది ఆఖరి రోజు దాకా మా మగాళ్ళు తెల్లారకముందే పొడుగు రబ్బరు బూట్లు తొడుక్కుని ఏట్లో దిగిపోతారు.

చిక్కల్లా రింగులతోనే. ఎర విసిరి లాగిన ప్రతిసారీ దారం నీళ్ళు మోసుకొస్తుంది. ఆ నీళ్ళు గాలపుకర్ర రింగుల్లో చుక్కచుక్కా గడ్డకడతాయి. కాసేపటికి కొసనున్న చిన్న రింగు మూసుకుపోతుంది. అప్పుడు చేప పడిందో, దారం కదలదు, పుటుక్కున తెగుతుంది. పక్క ఊళ్ళవాళ్ళు మాటిమాటికీ కర్రని నీళ్ళలో ముంచుతారు, రింగుల్ని నోట్లో పెట్టుకుని చప్పరిస్తారు, పెదాల తోలు ఊడొస్తే బూతులు తిడతారు. మా ఊళ్ళో ఆ బాధ లేదు. మనల్ని ఎవరైనా బెంగగా తలుచుకుంటూ ఉంటే రింగులకి మంచు పట్టదు. అంతే. మా తాతల నాటి నుంచీ అంతే.

అందుకే ఎవడైనా మంచు పట్టిన కర్రతో తిరిగొచ్చాడంటే ఊరు ఊరుకోదు. గుస్తావ్ పెళ్ళాం పావ్లాని రొట్టెల కొట్టు ముందు ఆపి ఆడవాళ్ళు ఏడిపించడం నేను చాలాసార్లు చూశాను.

"ఏమ్మా పావ్లా, టీవీలో సీరియల్ అంత బాగుందా? మీ ఆయన కర్ర చూడు, ఐస్‌ఫ్రూట్‌లా ఉంది!"

"రాత్రి వాడు పెట్టిన గురక వింటే నువ్వూ తలుచుకోవులే తల్లీ" అనేది పావ్లా. ఆవిడ తక్కువ తిందా?

మంచు ఆపడానికి ఇంకో దారి ఉంది, పెద్దబాతు కొవ్వు. రింగులకి పూస్తే కొంతసేపు పనిచేస్తుంది. కానీ కొవ్వు పూశాడంటే, తన కోసం ఎదురుచూసే దిక్కు లేదని ఊరంతా దండోరా వేసుకున్నట్టే. పెళ్ళాంతో మాటల్లేని మగాళ్ళు కూడా పెదాలు ఊడగొట్టుకుంటారు గానీ కొవ్వు డబ్బా ముట్టుకోరు. దాచుకోకుండా పూసుకునేవాడు ఊళ్ళో ఒక్కడే, ఆంబ్రోజ్.

ఆంబ్రోజ్ ఇళ్ళ పొగగొట్టాల్లో మసి దులుపుతాడు. నల్ల బట్టలు, భుజాన తీగచుట్టా బ్రష్షూ వేసుకుని ఎదురైతే మాకు శుభం. కనబడగానే చొక్కా గుండీ పట్టుకుని ఎవరికి కావలసింది వాళ్ళు కోరుకుంటాం. నా పెళ్ళి సంబంధం కుదిరింది కూడా ఆయన్ని చూసి గుండీ పట్టుకున్న వారంలోనే. పాపం, ఆయన తన గుండీ తను పట్టుకుంటే మాత్రం మసి తప్ప ఏమీ అంటలేదు. యాభై దాటాయి, పెళ్ళి కాలేదు. తల్లి ఉన్నన్నాళ్ళూ ఆయన రింగులు తళతళలాడేవి. ఒక పొద్దున ఏట్లో ఉండగా అన్నీ ఒక్కసారి బిగుసుకుపోయాయి. ఇంటి నుంచి ఎవరూ కబురు తేనక్కర్లేకపోయింది. దారం చుట్టుకుని, గట్టెక్కి, ఏడుస్తూ నడిచి వెళ్ళిపోయాడు. అప్పట్నించీ కొవ్వే.

ఇదిలా ఉండగా ఒక ఏడు నవంబరులో ఆయన హడావుడిగా వచ్చి కొవ్వు పూయడం మర్చిపోయాడు. ఏట్లో దిగి, పది పన్నెండు సార్లు విసిరాక గుర్తొచ్చింది. కర్ర దించి చూశాడు. రింగులకి ఒక్క పలుకు మంచు లేదు. గ్లౌజు తీసి వేలు పెట్టి చూశాడు. తడిగా ఉంది, అంతే. దూరంగా ఉన్న గుస్తావ్‌ని కేకేశాడు.

"ఒరేయ్ గుస్తావ్, ఇలా వచ్చి నా రింగులు చూడరా!"

గుస్తావ్ నీళ్ళు తోసుకుంటూ వచ్చి చూశాడు. "ఎవర్రా ఆవిడ?" అన్నాడు.

"నాకేం తెలుసురా!" అన్నాడు ఆంబ్రోజ్. కళ్ళనీళ్ళు రెప్పల మీదే గడ్డకట్టాయి.

గుస్తావ్ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా బీరు కొట్టంతా ఇదే పంచాయితీ. రొట్టెల కొట్టు హెర్మీనా అయి ఉంటుందని తేల్చారు. ఆవిడకీ మొగుడు లేడు, ఆంబ్రోజ్ వెళితే గసగసాల రొట్టె మెత్తగా ఉన్నది ఏరి ఇస్తుంది. మర్నాడు ఆంబ్రోజ్ గడ్డం గీసుకుని, చెవుల వెనక మసి కూడా రుద్దుకుని వెళ్ళాడు.

"హెర్మీనా, నువ్వు ఈమధ్య నన్నేమైనా తలుచుకుంటున్నావా?"

"తలుచుకోకేం? మొన్న మా వంటింటి నిండా మసి పోసి వెళ్ళావు చూడు, తుడిచినప్పుడల్లా నిన్నే తలుచుకుంటున్నా."

"తిట్టుకుంటూనా?"

"మరి ముద్దు చేస్తూనా?"

కొట్లో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆయనా నవ్వాడు. కానీ ఇంటికెళ్ళి సూప్ ఎదురుగా పెట్టుకుని చల్లారిపోయేదాకా అలా కూర్చుండిపోయాడు. ఇదివరకు ఎవరూ లేరు, సరే, అలవాటైపోయింది. ఇప్పుడు ఎవరో ఉన్నారు. ఎక్కడో ఒక వంటింట్లో, ఏదో కిటికీ దగ్గర, ఎవరో తన కోసం బెంగపెట్టుకుంటున్నారు. తనకి తెలియట్లేదు. లేకపోవడం కన్నా ఇది పెద్ద బాధ. ఏ ఇంటికి పనికి వెళ్ళినా ఆ ఇంటావిడ మొహంలోకి ఆశగా చూసేవాడు. వాళ్ళేమో కంగారుపడి గుండీలు పట్టుకునేవారు.

ఒక్క మనిషిని మాత్రం ఆయన మొదట్లోనే లెక్కలోంచి కొట్టేశాడు. ఆవిడ విల్మా.

మా ఆడవాళ్ళు హ్లవాత్కా రోజుల్లో ఏటి గట్టు తొక్కరు, చేప అలుగుతుందని ఆచారం. విల్మాకి తప్పదు, ఆవిడది చేపల సంఘంలో కాపలా ఉద్యోగం. పాత కాపలా ముసలాయనకి మోకాళ్ళు పట్టేస్తే, ఏడాది ఆఖరుదాకా ఆయన బదులుగా ఆ శరదృతువులోనే దేశం దక్షిణం వైపు నుంచి వచ్చింది. భర్త పోయాడు, పిల్లల్లేరు, మితభాషి. గట్టున నడుస్తూ పర్మిట్లు చూస్తుంది. ఆవిడ వచ్చిందంటే చాలు, ఆంబ్రోజ్ రింగులు గడ్డకట్టేవి. మలుపు దగ్గర ఆవిడ ఆకుపచ్చ టోపీ కనబడగానే కొస రింగు తెల్లబడేది, పక్కకొచ్చేసరికి అన్నీ మూసుకుపోయేవి. వెళ్ళిపోయాక మళ్ళీ విడేవి.

"ఆవిడది చల్లకన్నురా బావా" అన్నాడు గుస్తావ్. "ఆవిడ చూపు సోకితే పొయ్యి కూడా ఆరిపోద్ది."

ఈ మాట ఊరంతా పాకింది. ఆవిడ చెవినా పడకుండా ఉంటుందా!

"మీ పర్మిట్ అండీ" అంది ఒకరోజు గట్టు మీద నుంచి.

"నిన్న చూశారుగా విల్మాగారూ."

"ఇవాళ్టిది చూడాలిగా." తీసుకుని, అటూ ఇటూ తిప్పి, చదివినదే మళ్ళీ చదివింది. "చేప పడిందా?"

"ఎలా పడుతుందండీ, మీరొస్తే?" కర్ర ఎత్తి చూపించాడు. ఆవిడ మొహం ఎర్రబడింది. పర్మిట్ తిరిగిచ్చి, గ్లౌజులు తొడుక్కుంటూ అంది. "ఇంకెన్నాళ్ళులెండి. ఈ ఏడాదితో నా ఉద్యోగం అయిపోతుంది. ఝిలినాలో మా చెల్లెలి దగ్గరికి పోతున్నా. ఇక్కడ నాకెవరున్నారు గనక."

"మంచిదండీ. అక్కడ చలి తక్కువ" అన్నాడు ఆంబ్రోజ్. అనడానికి నోరెలా వచ్చిందో మహానుభావుడికి! ఆవిడ మలుపు తిరిగి వెళ్ళిపోయింది. రింగులు ఒక్కొక్కటీ విడాయి. మామూలు కన్నా తళతళలాడాయి కూడా. ఆయన సంతోషంగా ఎర విసిరాడు.

ఏడాది ఆఖరి రోజు వచ్చింది. మర్నాటి నుంచి చేప ముట్టుకోకూడదు. మళ్ళీ చలికాలం దాకా తన కోసం ఎవరు బెంగపెట్టుకున్నారో, మానుకున్నారో చెప్పే దిక్కు ఉండదు. ఆ దిగులుతోనే ఆంబ్రోజ్ ఏట్లో దిగాడు. మిగతావాళ్ళు క్యాబేజీ సూపులకీ విందులకీ తొందరపడి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం అవుతుండగా, పెద్దరాయి పక్కన నీళ్ళు ఒక్కసారి ఉబికి, కర్ర విల్లులా వంగింది.

హ్లవాత్కా! దాని తోక నీళ్ళ మీద కొడితే గట్టు మీదికి తుంపర లేచింది. దారం రివ్వున పరిగెత్తింది. రింగులు నున్నగా ఉన్నాయి, అడ్డు లేదు. ముప్పై ఏళ్ళుగా కలలో చూసిన చేప. ఆయన నవ్వుతున్నాడో, దేవుణ్ణి పిలుస్తున్నాడో ఆయనకే తెలియదు.

ఉన్నట్టుండి దారం కీచుమంది. కొస రింగు తెల్లబడింది. తలెత్తి చూస్తే మలుపు దగ్గర విల్మా. చేతిలో ప్రయాణం సంచి.

ఆవిడ వంగిన కర్రని చూసి టక్కున ఆగి, రెండడుగులు వెనక్కి వేసి, పొదల చాటుకి వెళ్ళిపోయింది. ఒకరికొకరు కనబడలేదు. రింగు విడింది. దారం మళ్ళీ పరిగెత్తింది.

"దగ్గరికి రానులెండి!" అని అక్కణ్ణించే అరిచింది. ఏటి హోరులో మాట సన్నగా వినబడింది. "నేనొస్తే మీ రింగులు గడ్డకడతాయంటగా. బస్సు వచ్చే వేళయింది. వెళ్ళొస్తానని చెప్పిపోదామని వచ్చానంతే. చేపని జాగ్రత్తగా పట్టుకోండి ఆంబ్రోజ్‌గారూ!"

పొదల అవతల మంచులో అడుగుల చప్పుడు. దూరమవుతోంది. ఆంబ్రోజ్ కర్ర వైపు చూశాడు. ఆవిడ ఒక్కో అడుగూ దూరమవుతుంటే రింగులు ఇంకా ఇంకా శుభ్రమవుతున్నాయి. కొస రింగు నుంచి ఆవిరి కూడా లేస్తోంది. అంత బెంగ ఆ కర్ర ఎన్నడూ చూడలేదు, తల్లి బతికున్న రోజుల్లో కూడా.

అప్పుడు వెలిగింది మా మొద్దావతారానికి. ఎదురుగా ఉన్న మనిషి కోసం ఎవరైనా బెంగపెట్టుకుంటారా? కళ్ళారా చూస్తున్నంతసేపూ ఇంక బెంగేముంది? ఆడవాళ్ళని గట్టు తొక్కనివ్వని ఊరు మాది, ఈ సంగతి మాలో ఒక్కడికీ తెలిసే వీల్లేకపోయింది.

చేప అలిసిపోయి ఒడ్డు వైపు తిరుగుతోంది. ఇంకాసేపు ఆవిడ దూరంగా ఉంటే చాలు, ముప్పై ఏళ్ళ కల చేతికొస్తుంది.

"విల్మాగారూ!" అని అరిచాడు. "వెనక్కి రండి!"

అడుగులు ఆగాయి. "చేప పోతుందండీ!"

"పోనివ్వండి! ఇటు రండి, ఇంకా దగ్గరికి రండి!"

ఆవిడ పొదలు తప్పించుకుని వచ్చింది. కొస రింగు మూసుకుంది. గట్టు దిగింది. మధ్య రింగులు మూసుకున్నాయి. ఆయన కర్రని నీళ్ళలో ముంచలేదు, ఊదలేదు, ఏమీ చేయలేదు. ఆవిడ నీటి అంచుకొచ్చి నిలబడేసరికి దారం బిగుసుకుపోయి టప్పున తెగింది. చేప ఒక్కసారి బంగారంలా మెరిసి లోతుకి పోయింది.

"అయ్యో, ఎంత చేపండీ" అంది విల్మా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆంబ్రోజ్ నీళ్ళలోంచి బయటికొచ్చాడు. "రోజూ నా పర్మిట్ ఎందుకు చూసేవారండీ?"

ఆవిడ తల దించుకుంది. "సంఘంవాళ్ళు చూడమన్నది వారానికోసారే."

పైన రోడ్డు మీదికి ఝిలినా బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. ఇద్దరూ అటు చూడలేదు.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఆంబ్రోజ్ ఇప్పటికీ చలి పడగానే కర్ర పట్టుకుని ఏటికి పోతాడు. అప్పట్నించీ ఒక్క హ్లవాత్కా అయినా పడలేదు. ఎలా పడుతుంది? ఆవిడ రోజూ పక్కనే కూర్చుంటుంది.