తూముకి అడ్డం

ఆ పొద్దున గుత్తేదారు మా కళ్లముందే తూము ఎత్తించాడు. చెరువులోని ఉప్పునీళ్లు నురగలు కక్కుతూ మా ఇళ్ల పక్క కాల్వలో పడ్డాయి. ఆ కాల్వ ఒడ్డునే మా బావి. బావికి పైన గోడ ఉంది గాని, భూమి లోపల గోడ ఎవరు కట్టారు?

కార్మిక సోదరులారా, చదువుకుంటున్న పిల్లలారా, ఈ ఉప్పునీళ్లు ఎక్కడివని మీరు అడగాలి. మాకు దగ్గర్లో సముద్రం లేదు. సముద్రాన్నే ట్యాంకర్లకెత్తి తెచ్చారు. పండుగప్ప అని తీరంలో దొరికే చేప ఉంది. దాని పిల్లల్ని ముందు ఉప్పునీళ్ల చిన్న చెరువులో వదులుతారు. రోజూ కొంత ఉప్పునీరు తూములోంచి బయటికి పంపి, అంత మంచినీరు మోటారుతో పోస్తారు. అలా మెల్లమెల్లగా అలవాటు చేసి పెద్ద మంచినీళ్ల చెరువులోకి మారుస్తారు. అంటే చేపకి మంచినీళ్లు, మాకు ఉప్పునీళ్లు. న్యాయం చేప పేరులోనే ఉంది. పండుగ వాడిది, గప్‌చుప్ మాది.

గప్‌చుప్‌గానే ఉన్నాం చాలాకాలం. ఎందుకంటే ఆ చెరువుల మీద కూలీలం మేమే. మేత చల్లేది మేం, వల లాగేది మేం, చెప్పినప్పుడల్లా తూము ఎత్తేదీ మేమే. మా బావిలోకి ఉప్పుని మా చేతుల్తోనే సాగనంపాం.

వలలు అల్లే ఆవిడని అందరం వలక్క అంటాం. ఆమె కోడలు నిండు నెలలతో ఉంది. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. నర్సమ్మ వచ్చి రక్తపోటు చూసి మొహం ముడుచుకుంది. ఉప్పు పూర్తిగా మానకపోతే తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికొస్తుందని చెప్పింది.

"కూరలో ఎప్పుడో మానేశానమ్మా," అంది కోడలు. "నీళ్లలో ఎలా మానను?"

నర్సమ్మ సంచిలో దానికి మాత్ర లేదు.

వలక్క మమ్మల్ని వెంటేసుకుని గుత్తేదారు దగ్గరికి వెళ్లింది. ఉప్పునీళ్లని వచ్చిన ట్యాంకర్లలోనే తిప్పి పంపమని అడిగింది. తెచ్చే ట్యాంకర్ల ఖర్చుకే ప్రాణం పోతోందన్నాడతను, కావాలంటే నీళ్లు కొనుక్కు తాగమన్నాడు. చివరికి అసలు బాధ బయటపెట్టాడు.

"నా ఉప్పు తిని నామీదికే వస్తారా?"

"తినడం లేదు బాబూ," అంది వలక్క. "తాగుతున్నాం."

మేం నవ్వాం. అతనూ నవ్వాడు. అందుకే మా నవ్వు సగంలో ఆగిపోయింది.

మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్లాం. అక్కడి అధికారి రికార్డు చూసి, అది మంచినీళ్ల చెరువని రాసుందన్నాడు. మంచినీళ్ల చెరువులో ఉప్పునీళ్లు ఉండవు కాబట్టి మా ఫిర్యాదు చెల్లదట. మా నోళ్లకి కూడా రికార్డు చదవడం నేర్పి పంపాల్సింది.

ఆ సాయంత్రం వలల కొట్టంలో మీటింగు పెట్టుకున్నాం. పని మానేద్దామని కొందరు, మానేస్తే బయటి కూలీల్ని దింపుతాడని కొందరు. గొంతులు లేచాయి, ఒకరి బామ్మర్దిని ఒకరు తిట్టుకునే దాకా పోయింది. అప్పుడు మోటారు నడిపే బాబాయి లేచాడు. కిందటేడు తొందరపడి ఒకేసారి నీళ్లు మార్చినప్పుడు చేపపిల్లలన్నీ తెల్లగా తేలిన సంగతి గుర్తుచేశాడు. తూముకి అడ్డం వేసి మోటారు ఆపితే ఉప్పునీరు బయటికి పోదు, మంచినీరు లోపలికి రాదు. సగం మారిన నీళ్లలో చేప సగం చస్తుంది, గుత్తేదారు పూర్తిగా దిగొస్తాడు అన్నాడు. అందరికీ నచ్చింది. ఆ చచ్చిన చేపల్ని బుట్టల్తో ఎత్తింది మేమే కదా, మాకు తెలియదా అనుకున్నాం.

తెల్లారి ఇసుక బస్తాలతో తూము మూసేశాం. మోటారు ఆపేశాం. గట్టు మీద ఆడామగా, వలక్క కోడలితో సహా, బారుగా కూర్చున్నాం. చేపలు చావాలని ఎదురుచూశాం. చెప్పుకోవడానికి బావుండదు గాని, అదే నిజం.

మాలో ఎవడో గుత్తేదారుకి ఉప్పందించాడు. మా దగ్గర దానికేం కొరత? అతను తీరిగ్గా వచ్చి, గట్టు మీద కుర్చీ వేయించుకుని, టీ తాగి, గుప్పెడు మేత నీళ్లలోకి విసిరాడు. చెరువంతా ఒక్కసారి ఉడికినట్టయింది. వెండి వీపులు ఒకదాని మీదికొకటి ఎగిరాయి. ఒక్కటి కూడా తేలలేదు.

"పిచ్చివాళ్లారా, నీళ్లు ఒక్కసారిగా మారితేనే ఇవి చస్తాయి," అన్నాడు. "మార్చకపోతే హాయిగా ఉంటాయి. ఉప్పులోనూ బతుకుతాయి, మంచినీళ్లలోనూ బతుకుతాయి. మీరెన్నాళ్లుంటారో చెప్పండి."

బాబాయి తల మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. మా ఆకలి మాకు తెలుసు, చేప ఆకలీ తెలుసు. చేపకి రెండు నీళ్లూ ఇల్లేనని, మాకే ఉన్నది ఒక్క బావి అని మాత్రం లెక్కేసుకోలేదు.

మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చింది. వలక్కని జబ్బ పట్టి లాగారు. మోటారు ఆపినందుకు బాబాయిని ఎక్కించారు. బస్తాల మీద కూర్చున్న వాళ్లని బస్తాల్లాగే ఎత్తి పడేశారు. వ్యాను తలుపు వేస్తుంటే వలక్క కోడల్ని ఇంటికి పొమ్మని అరిచింది. పోలీసులే బస్తాలు తీసేశారు. గుత్తేదారు మనుషులు తూము తలుపు ఎత్తారు.

నీళ్లు కాల్వలోకి దూకాయి. మేం చూస్తూ నిలబడ్డాం. ఇంకేం చేయాలో మాలో ఎవరికీ తెలియదు.

వలక్క కోడలు ఇంటికి పోలేదు. ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకో చెయ్యి గట్టుకి ఆనించి, కాల్వలోకి దిగింది. బావికి ఎగువన, కాల్వకి అడ్డంగా, ఆ ఉప్పునీళ్లలో కూర్చుంది. ఇన్‌స్పెక్టరు లేవమన్నాడు. తర్వాత బతిమాలాడు. ఆమెని ముట్టుకోవడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు. గుత్తేదారు కుర్చీలోంచి లేచాడు.

ఆమె పక్కన మేత చల్లే ముసలాయన దిగాడు. తర్వాత నేను దిగాను. గట్టు మీద మిగిలినవాళ్లంతా ఒక్కొక్కరే దిగారు. భుజానికి భుజం ఆనించి కూర్చున్నా నీళ్లు మా నడుముల మధ్యనుంచి, చంకల కిందనుంచి బావి వైపు పోతూనే ఉన్నాయి. అరచేతులు అడ్డం పెట్టాం. వేళ్ల సందుల్లోంచి పోయాయి.

కోడలు అటూ ఇటూ చూసింది.

"ఇంకాస్త దగ్గరికి జరగండి," అంది.