సెగోవియాలో భోజనాలయ్యాక

"ఉల్లిపాయలు వెయ్యకు, అమ్మకి పడవు." ప్రతి ఆదివారం పొద్దున్నే మా ఆయన ఔరేలియో అనే ఈ మాట ఈ వారం వినక్కర్లేకపోయింది. మేమందరం ఆదివారం మధ్యాహ్నం తినేది మాడ్రిడ్‌లో అత్తగారింట్లోనే, వండేది నేను. అక్కడ వంటింటి పైపు పగిలింది. అయితే భోజనం సెగోవియాలో అన్నాడు మరిది బెనీటో. హాయిగా రైలెక్కాను. వండేది నేను కాదు, ఇంకేం కావాలి!

రోమన్లు ఎత్తైన కమానుల మీద కట్టిన రాతి కాలువ కింద ఎండ కాచుకుంటూ నడిచాం. హోటల్లో పందిపిల్ల రోస్టు తెచ్చి మా కళ్ల ముందే, అక్కడి ఆచారం ప్రకారం, కత్తి లేకుండా పళ్లెం అంచుతో కోశారు. కరకరలాడే చర్మం ముక్క ఈసారి నేనే ముందు తీసుకున్నాను.

తిన్నాక ఏం చేశాననుకున్నారు? లేచి ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాను. అవతల అత్తగారు గ్లాసులు పోగేస్తున్నారు. వడ్డించే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, కూర్చోండమ్మా! మా ఉద్యోగాలు పీకించేలా ఉన్నారే!"

"మా రెమే వదినకి కుర్చీ అచ్చిరాదు" అని బెనీటో పగలబడి నవ్వాడు. సిగ్గుపడి ఇద్దరం కూర్చున్నాం.

మా వాళ్లకి భోజనం కంటే భోజనాలయ్యాక చెప్పుకునే కబుర్లే ముఖ్యం. కాఫీ, మందు, సాయంత్రం దాకా కదలరు. పెళ్లయినప్పటి నుంచీ ఆ కబుర్లు నాకు గోడవతల నవ్వులే. అత్తగారు కడిగేవారు, నేను తుడిచేదాన్ని. మేం బయటికొచ్చేసరికి వాళ్లు కోట్లు తొడుక్కుంటూ ఉండేవారు. అంతలా నవ్వేందుకు ఏం చెప్పుకుంటారో అని ఒళ్లు మండేది, నిజం చెప్పొద్దూ.

ఇవాళ విన్నాను. ఔరేలియో వెనక్కి వాలి, మా అమ్మాయి పుట్టిన నాటి కథ ఎత్తుకున్నాడు. "ఆసుపత్రికి వెళ్లే కొండ దారంతా మంచు. వెనక సీట్లో ఈవిడగారు ఒకటే కేకలు. నేను మాత్రం స్టీరింగు వదల్లేదు..." బెనీటో కూడా పెదవులు కదుపుతున్నాడు, కథ అంత కంఠతా వచ్చేసింది.

ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత కోపం ముంచుకొచ్చింది.

"బండి నడిపింది నేను" అన్నాను. "నొప్పులూ నావే, స్టీరింగూ నా చేతుల్లోనే. నీ చేతులు వణుకుతున్నాయని నువ్వే తాళాలిచ్చావు. వెనక సీట్లో కేకలు పెట్టింది నువ్వు, ఔరేలియో."

"అదీ... కథన్నాక కాస్త..." అని నసిగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అన్నయ్యా!" అన్నాడు బెనీటో.

అత్తగారు ఔరేలియోని చేత్తో వారిస్తూ కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "నువ్వాగరా. రెమే, నువ్వు చెప్పవే, మొదట్నించీ."

మలుపు మలుపూ చెప్పాను. చివరికి ఔరేలియో కూడా నవ్వాడు పాపం. నా కాఫీ చల్లారిపోయింది. అయినా ఎంత బాగుందో!

"అత్తయ్యా, వచ్చే ఆదివారం అంట్లు సింకులోనే ఉంటాయి. మనిద్దరం ఇలాగే వీళ్లతో కూర్చుంటాం" అన్నాను.

ఆవిడ తలూపారు. ఖాళీ కప్పు పక్కకి జరిపారు.

"మీ మామగారు బతికున్నన్నాళ్లూ కబుర్లు భలే చెప్పేవారట, విన్నవాళ్లంటారు" అన్నారు.