రోడ్డు అవతలి ఉలి

గుండ్లకమ్మ పొంగి చప్టా మీదుగా నీళ్లు పారిన ఏడది. వానలు వెలిసి చలి దిగాక, ఒక మధ్యాహ్నం మణెమ్మ పెరట్లో కూర్చుని పలకరాయి చీలుస్తోంది. ఉలి ఆనించి మెల్లగా తడితే పొర విడుతుంది, కోపంగా కొడితే విరుగుతుంది. ఈ కిటుకు గిద్దలూరు దగ్గర పుట్టింట్లో నాయన నేర్పాడు. ఇక్కడ మార్కాపురంలో మాత్రం తలుపు మూసుకుని కొట్టాలి. "ఉలి పట్టిన ఆడదాన్ని చూస్తే ఊరు నవ్వుతాది" అని అత్త బతికినన్నాళ్లూ అన్నది. ఆమె పోయాక ఆ మాట మొగుడు కృపావరం అందుకున్నాడు.

ఆ వీధిలో ఇంటికొక గుర్తు. చీల్చిన పలకల దొంతర మీద సుద్దతో గీస్తే ఎవరి చేతిపనో, రాయి పంపే షెడ్డులో తెలుస్తుంది. కృపావరానిది సిలువ, కింద చుక్క. అతని మణికట్టు పట్టేసినప్పటి నుంచి చీల్చేది మణెమ్మే, ఆ సిలువా చుక్కా గీసేదీ ఆమే. "వీధి మలుపులోనే చెప్తా, అది కృపావరం ఉలి అని! ఆ చప్పుడే వేరు" అంటాడు షెడ్డు యజమాని మురళీకృష్ణ సేటు. కృపావరం తల వంచుకుని నవ్వుతాడు. దొంతర మోసుకొచ్చిన మణెమ్మకు నెత్తిన ఇంకో పలక పెట్టినట్టుంటుంది.

ఈ సంగతి విశ్వాసం అనేవాడొక్కడే కనిపెట్టాడు. రోడ్డు అవతల కొత్తగా షెడ్డు వేసినవాడు. బోరింగు దగ్గర నవ్వుతూ అడిగాడు. "కృపావరం టీకొట్టులో నా పక్కన కూర్చోనుంటే, ఇంట్లో ఉలి కొట్టేది ఎవరక్కా? మా షెడ్డుకు రా. నీ గుర్తు నువ్వే వెయ్యి."

"అట్ల ఎట్ల వస్తా" అని బిందె ఎత్తుకుని వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం ఆడబిడ్డ ఫెబీ ఫోను పట్టుకొచ్చింది. "వదినా, ఈమెను చూడు."

ఫోనులో తెల్లటి మంచుకొండ. ఒకటే పలక మీద రెండు కాళ్లూ కట్టుకుని ఒకామె పక్కవాటుగా జారిపోతోంది. ఎర్ర జెండా చుట్టూ, నీలం జెండా చుట్టూ, మళ్లీ ఎర్ర జెండా చుట్టూ. వెనక మంచు మీద వంకీ తిరిగిన ఒక్క గీత.

"ముందు వేరే దేశానికి ఆడేదంట. గెలిచినా పట్టించుకోలేదంట. నేర్పేవాళ్లను ఇయ్యలేదంట. ఇంకో దేశం పిలిస్తే పోయి, వాళ్ల జెండా కింద ప్రపంచంలోనే మొదటిదయింది."

"పెళ్లి చేసుకొని పోయిందా?"

"పెళ్లీ లేదు గిళ్లీ లేదు. తనే పోయింది."

"తిట్టలేదా?"

"తిట్టకుండా ఉంటారా? ద్రోహి అన్నారంట. కొత్త దేశంలో మొదటి ఏడు ప్రతి పందెంలో పడిందంట గూడా."

పతకం వేసుకుని నిలబడిన ఆమెకు ఆ దేశం పాట రానట్టుంది, ఊరికే పెదాలు కదిలిస్తోంది. మణెమ్మకు తన కొత్త కాపురం గుర్తొచ్చింది. ఇక్కడి చర్చిలో రాగం వేరు. పెళ్లికూతురి ముసుగులో తనూ అట్లే పెదాలు కదిలించింది. ఆడది దేశం మారడం వింతేం కాదు, ఎవరూ పంపకుండా మారడమే వింత. ఈమెను ఎవరూ సాగనంపలేదు. తన పలక తనే చంకన పెట్టుకుని పోయింది.

పొద్దుగూకాక కృపావరం వచ్చాడు. "సేటుకు పెద్ద ఆర్డరొచ్చింది. రేపటి నుంచి రెండింతల రాయి పంపిస్తాడు. సరే అన్నా."

"నన్ను అడిగినావా?"

"నిన్ను అడిగేదేముంది? పని నాకిచ్చినాడు గదా."

అంత మామూలుగా అన్నాడు, కూరలో ఉప్పు గురించి అన్నట్టు. ఆమె కంచం పెట్టింది. అన్నం తెల్లగా కొండలా కనిపించింది. గరిటె ఆ కొండ మీద జారింది.

కల్లోకి గని పక్కన పోసిన రాతి తుక్కు దిబ్బ వచ్చింది. దాని మీద మంచు కురిసింది. మణెమ్మ చీర చెక్కుకుని పెద్ద పలక మీద నిలబడింది. ఎర్ర జెండా దగ్గర అత్త, నీలం జెండా దగ్గర సేటు. ఎవరికీ తగలకుండా, ఎవరి మీదా కోపం లేకుండా, వాళ్ల మధ్య నుంచి వంకీలు తిరుగుతూ దిగిపోయింది. గాలి ఉలి చప్పుడు చేసింది.

తెల్లవారి సేటు ట్రాక్టరు ఇంకా రాలేదు. మణెమ్మ నాయన ఇచ్చిన ఉలిని పాతగుడ్డలో చుట్టి చంకన పెట్టుకుంది.

"యాడికి?" అన్నాడు కృపావరం.

"రోడ్డు అవతలికి. నీ పనికి నువ్వుండావు గదా."

విశ్వాసం షెడ్డుకు తలుపుల్లేవు. దారిన పోయే ఆడవాళ్లు ఆగి, మూతులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మొదటి రాయి విరిగింది. రెండోదీ విరిగింది. మూడోదాని అంచున ఉలి ఆనించి, ఊపిరి బిగబట్టి తట్టింది. పొర విడింది. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు.

రోడ్డు మీద సేటు బండి ఆగింది. "ఏందిది, కృపావరం చప్పుడు ఆ షెడ్లో నుంచి వస్తాండాది?"

మణెమ్మ ఆఖరి పలకను పైన పేర్చింది. సుద్ద అందుకుని, దొంతర మీద వంకీ తిరిగిన ఒక్క గీత గీసింది.