దిగుడు తెలియని సైకిల్

ఎర్రమడుగులో తెల్లవారితే మొదట వినపడేది సైకిళ్ల చప్పుడే. పాలక్యాన్లు కట్టుకున్నవాళ్లు, చుట్టిన బీడీలు కోరుట్లలో అప్పజెప్పేవాళ్లు, మెట్‌పల్లి పసుపు మార్కెట్‌లో మూటలు మోసేవాళ్లు, అందరిదీ ఒకటే బాట. ఊరు దాటగానే ఎడమ పక్క వాగు, కుడి పక్క దొర మదన్ మోహన్ రావు కోటలాంటి గడి గోడ. గోడ మొదలు కాగానే సైకిళ్లన్నీ బరువెక్కేవి. చక్రాలలో రాళ్లు పోసినట్టు మొరాయించేవి. మనిషి దిగాలి, తల వంచుకుని నెట్టాలి. గోడ అయిపోగానే సైకిల్ తేలికయ్యేది, మనిషి మళ్లీ ఎక్కి పోయేవాడు.

దొర మాత్రం ఊళ్లో లేడు. డెబ్బై ఎనిమిదిలో కూలీల సంఘం లేచినప్పుడు పట్నం పోయాడు. గడికి తాళం పడి నాలుగేళ్లయింది. గడి ముందు ఎవ్వరూ సైకిల్ దిగొద్దని సంఘం తీర్మానం కూడా చేసింది, జనం చప్పట్లు కొట్టారు. కానీ తీర్మానాన్ని సైకిళ్లకు ఎవరు చదివి వినిపిస్తారు? దొర వాకిలి ముందు దిగి నడవాలన్న నలభై ఏళ్ల మర్యాద వాటికి ఇనుములో దిగిపోయింది. కొత్త సైకిల్ కొన్నవాడు కూడా మొదటిరోజే అలవాటు కొద్దీ గడి ముందు దిగేవాడు. ఒక్కసారి దిగి నెడితే చాలు, అది నేర్చేసుకునేది. స్కూల్లో క్యాంపు పెట్టిన పోలీసుల జీపు ఒక్కటే దర్జాగా పోయేది. దానికి ఎవరూ నేర్పలేదు.

ఆ ఏడు టపా సంచి మోసే హన్మండ్లు మోకాళ్లు అరిగి కొలువు మానుకున్నాడు. ఆ కొలువుకు కూలిపని చేసుకునే నర్సింగం బిడ్డ బాలమణి దరఖాస్తు పెట్టింది. ఏడో తరగతి పాసై, ఏడేళ్లుగా పరాయి మడుల్లో నాట్లు వేస్తున్న పిల్ల. జగిత్యాల నుంచి వచ్చిన పోస్టల్ ఇన్‌స్పెక్టర్ కొత్త రూలు చెప్పాడు.

"రోజులు మంచిగ లేవు. సంచి పట్టుకొని ఆఫీసు కాడ సైకిలెక్కితే బస్సు కాడనే దిగాలె. నడుమ దిగినోళ్లకు కొలువు లేదు."

అప్పటికే ఇద్దరు పిల్లగాళ్లు గడి కాడ దిగి పరీక్ష తప్పారు. బాలమణికి నెల గడువు. ఆమె కూడా దిగితే ఎర్రమడుగు టపా పెగడపల్లి పోస్టాఫీసుకు పోతుంది, ఆమె మళ్లీ బురదలోకి పోతుంది.

"సైకిలే లేనిదానికి సైకిల్ కొలువేందే!" అని పక్కింటి మల్లక్క నవ్వింది. ఆ మాటకు బాలమణికి మనసు చివుక్కుమంది.

ఆ వారమే తాగేనీళ్లకు కటకట వచ్చి, ఊరంతా కలిసి గడి తాళం తీసి లోపలి బావిలో పూడిక తీశారు. మూడోరోజు బురదలోంచి ఒక సైకిల్ వచ్చింది. సీటు లేదు, వెనక చక్రం ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఎవరికీ అక్కర్లేదు. బాలమణి దాన్ని బండి మీద వేయించుకుని, తండ్రితో పాటు కోరుట్ల బస్టాండు దగ్గర కిరాయి సైకిళ్లు నడిపే ఏసయ్య దుకాణానికి తెచ్చింది.

ఏసయ్యకు ఒక పట్టుదల. సైకిల్ ఎక్కడ పుట్టిందో తెలియనిదే పానా పట్టడు. "పుట్టుక తెల్వనిదాన్ని బాగు చేసుడంటే, పేరడగకుండ పిల్లనిచ్చినట్టే" అంటాడు. రెండు రోజులు కిరసనాయిల్లో నానబెట్టి బ్లేడుతో గీకాడు. బురద కింద నేరేడుపండు రంగు, దాని మీద సన్నటి బంగారు గీత. మెడ మీద ఇత్తడి బిల్ల. చింతపండు పెట్టి తోమితే అక్షరాలు తేలాయి: పెస్తంజీ అండ్ సన్స్, ఆబిడ్ రోడ్, హైదరాబాద్ దక్కన్.

"గిది సైకిల్ కంపెనీ పేరు కాదు బిడ్డా, దుకాణం పేరు" అన్నాడు ఏసయ్య. "సూది నుంచి సోఫా దాక అన్నీ ఒక్క కప్పు కిందనే అమ్మెటోళ్లు. సైకిళ్లు ఇంకెవరితోనో చేపిచ్చి, వాళ్ల బిల్ల కొట్టుకునేది. కన్నది ఒకరు, పేరు పెట్టింది ఒకరు."

కన్నవాళ్ల కోసం సైకిల్‌ను తలకిందులు చేశాడు. పెడళ్ల నడుమ, ఇనుములో ఒక నంబరు, దాని పక్కన చిన్న లంగరు గుర్తు. ముందు చక్రం ఇరుసు మీదా అదే లంగరు. ముందు రిమ్ముకు ముప్పైరెండు చువ్వల బొక్కలు, వెనక రిమ్ము తునకలు పేర్చి చూస్తే నలభై. "గీ లంగరు ఇంగ్లండు కంపెనీ గుర్తు. అక్కడ్నే పుట్టింది" అని తేల్చాడు.

నర్సింగం బిల్లను వేలితో తడిమాడు.

"ఏసన్నా, గీ బిల్ల నాకెరుకే. దొర తన బిడ్డ లీలమ్మకు కొన్నడు. దుమ్ము పడద్దని కోరుట్ల నుంచి నేనే నెత్తి మీద మోసుకచ్చిన. ఆ పిల్ల గడి వాకిట్ల మూడు సుట్లు తొక్కింది, అంతే. ఆడిపిల్ల కాళ్లు రెండు దిక్కుల ఏసుడేందని పెద్ద దొరసాని బాయిల ఏయిమన్నది. నేనే ఏసిన. ఎవ్వలికి చెప్పద్దన్నరు, చెప్పలే. ఆ పిల్ల ఏడుపు ఇంకా చెవులల్ల ఉన్నది."

ఏసయ్య పానా కింద పెట్టాడు. "అంటే, గడి బాట మీద దీన్ని ఎవ్వలూ నెట్టలే?"

"ఎట్ల నెడుతరు? నా నెత్తి మీద ఉండె."

"అయితే దీనికి దిగుడు తెల్వది!" అని ఏసయ్య బాలమణి వీపు చరిచాడు.

ఆ రోజు నుంచి దుకాణంలో పండుగే. ఏసయ్య బేరింగులు కడిగి గ్రీజు పెట్టాడు, చెప్పులు కుట్టే ముత్యం సీటుకు తోలు బిగించాడు. నేరేడు రంగు ఎక్కడా దొరక్క ఎడ్ల కొమ్ములకు వేసే రంగులు రెండు కలిపి బాలమణే పూసింది. వెనక చక్రం మాత్రం లేదు. తొందరలో ఏసయ్య తన కిరాయి సైకిల్‌ది ఊడదీసి బిగించాడు. ఆ చక్రం ఎర్రమడుగు ఎన్నిసార్లు పోయొచ్చిందో ఆయన ఆలోచించలేదు.

కిరాయి సైకిళ్ల మీద తొక్కడం నేర్చుకున్న బాలమణి, ఏసయ్యను వెంటబెట్టుకుని ఎర్రమడుగు బాట పట్టింది. గడి గోడ మొదలు కాగానే ముందు చక్రం పోతానంది, వెనక చక్రం పోనని బిగుసుకుంది. బాలమణి ఎగిరి వాగుగడ్డన పడింది. మోచేతులు గీసుకుపోయాయి. దుమ్ము దులుపుకుంటూ ఏడుపు మొహంతో లేచింది.

"ఇగ అయిపాయె ఏసన్నా. ఇది గూడ నేర్చుకున్నది."

"నేర్చుకోలే. పడుడు వేరు, దిగుడు వేరు" అన్నాడు ఏసయ్య. "తప్పు నాది. దీనికి తోడబుట్టిన చక్రమే కావాలె."

అలాంటిది ఆయన సిరిసిల్లలో, అత్తగారి వీధిలో చూశాడు. లసుమవ్వ అనే ముసలామె నూలు కండెలు చుట్టే రాట్నానికి పెట్టుకుంది. బాలమణిని వెంటబెట్టుకుని, కిరాయి చక్రం చంకన పెట్టుకుని బస్సెక్కాడు. ఆ వీధిలో మగ్గాల చప్పుడుకు మాట వినపడదు. ఏసయ్య కూర్చుని బొక్కలు లెక్కపెట్టాడు, నలభై. ఇరుసు మీద నూలు పీకితే లంగరు.

"అవ్వా, గీ చక్రం ఎన్నడన్న బాట మీద నడిచిందా?"

"మా ఆయన షోలాపూర్ల పాతసామాను అంగట్ల తెచ్చిండు. ఇరవై ఏండ్లాయె, గీ ఇంట్లనే తిరుగుతది" అంది లసుమవ్వ. "తిరుగుడొక్కటే ఎరుక దానికి. గడేందో, దొరేందో దానికేం తెలుసు?"

కిరాయి చక్రాన్ని రాట్నానికి బిగించి, అది చక్కగా తిరుగుతుందో లేదో చూసుకుని, అప్పుడు ఇచ్చింది ముసలామె. తిరుగు బాటలో పోలీసులు బస్సు ఆపి సోదా చేశారు.

"ఏందది?" అన్నాడు జవాను.

"సైకిల్ చక్రం సార్."

"సైకిల్ ఏది?"

"కోరుట్లల ఉన్నది సార్."

"చక్రం ఇక్కడ, సైకిల్ అక్కడ! మంచిగున్నది" అని నవ్వి వదిలిపెట్టాడు.

పరీక్షనాడు పొద్దున్నే ఊరంతా గోడ వెంట నిలబడింది. ఇన్‌స్పెక్టర్ గడి దర్వాజ ముందు గడియారం చూసుకుంటున్నాడు. బండి మీద తెచ్చిన సైకిల్‌కు బాలమణి సంచి కట్టి, పోస్టాఫీసు దగ్గర ఎక్కింది. గోడ కనపడింది. సైకిల్ మీద ఆమెకు నమ్మకమే, భయమంతా తన కాళ్ల మీదనే. చిన్నప్పటి నుంచి ఇక్కడ తల వంచినవి ఆ కాళ్లు. కుడికాలు అదంతట అదే పెడల్ విడిచి కిందికి జారింది.

"తొక్కవే బాలీ!" అని మల్లక్క గొంతు చించుకుని అరిచింది.

కాలు మళ్లీ పెడల్ మీదికి వచ్చింది. చక్రం బరువెక్కలేదు. రాట్నం మీద తిరిగినట్టే సర్రున తిరిగింది. దర్వాజ పోయింది, మూల బురుజు పోయింది, గోడ అయిపోయింది. బాలమణి పక్కున నవ్వింది. వెనక జనం కేకలకు వాగులో కొంగలు లేచాయి.

ఆమె బస్సుకు సంచి అందించి, బస్సు వెళ్లిపోయిన చాలాసేపటికి ఇన్‌స్పెక్టర్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఊళ్లో అడిగి తెచ్చుకున్న సైకిల్ ఆయన చేత గోడ పొడుగునా నెట్టించుకుంది. "రేపటి నుంచి డ్యూటీకి రా అమ్మా" అని కాగితం మీద సంతకం పెట్టాడు.

నర్సింగం నడుచుకుంటూ అప్పుడు చేరుకున్నాడు.

"ఎక్కు బాపూ, ఇంటికి పోదాం."

క్యారేజీ మీద కూర్చున్నాడు. గోడ దగ్గరపడగానే ఆయన కాళ్లు నేలను వెతికాయి. దుమ్ములో రెండు గీతలు పడ్డాయి.

"కాళ్లు లేపు బాపూ."

లేపాడు. కళ్లు మూసుకున్నాడు. సైకిల్ పోతూనే ఉంది. దర్వాజ ముందుకు రాగానే కళ్లు తెరిచి, "ఆపు బిడ్డా, నేను దిగుత" అన్నాడు.

"దిగుతే సైకిల్ నేర్చుకుంటది బాపూ!"

"నువ్వు దిగకు. సీటు మీదనే ఉండు."

బాలమణి బ్రేకు పట్టి, ఒక కాలు గడి అరుగు మీద ఆనించింది. నర్సింగం దిగాడు. చెప్పులతోనే అరుగు ఎక్కి, తువ్వాలతో దుమ్ము దులిపి కూర్చున్నాడు. బీడీ ముట్టించాడు. చివరిదాకా, తొందర లేకుండా తాగాడు.

"ఏమైంది బాపూ?"

"ఏం కాలే బిడ్డా. జరంత నడుం నొచ్చింది. కూసోవాలనిపిచ్చింది, కూసున్న."

బీడీ పారేసి, లేచి, మళ్లీ క్యారేజీ మీద కూర్చున్నాడు.

"ఇగ పోనియ్యి."