కోడలికి బీపీ

మారెక్కకు ఊళ్ళో ఒక్కటే పేరు: కోడలిని కూతురిలా చూసుకునే అత్త. వానలు మొహం చాటేసి వేరుశనగ చేలు మాడిపోయినా ఆ పేరు మాత్రం పచ్చగానే ఉండేది. అందుకే కోడలు భారతి చేతికి నర్సమ్మ ఉమాదేవి పట్టీ చుట్టి, గాలి కొట్టి, "బీపీ ఎక్కువుండాది అక్కా" అనగానే మారెక్కకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఊళ్ళో బీపీ అంటే జబ్బు కాదు, నింద. తాగుబోతు మొగుడి పెళ్ళానికి వస్తుంది. రాచి రంపాన పెట్టే అత్త చేతిలో పడ్డ కోడలికి వస్తుంది.

"మేమేం బాధ పెట్టినామని బీపీ? దాన్నే అడుగు!"

"నన్నెవరూ ఏమీ అనరు" అంది నిండు చూలాలు భారతి.

"అది కాదక్కా. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే బీపీ వేరే. కాళ్ళు చూడు, ఎట్ల వాచినాయో! కళ్యాణదుర్గం ఆసుపత్రికి తీసకపోయి చూపించండి."

"నీరొచ్చినాది, అంతే. మా బోర్లో పడని నీళ్ళు దీని కాళ్ళల్లోనన్నా పడినాయి" అని నవ్వి, నర్సమ్మను సాగనంపింది మారెక్క.

ఆసుపత్రికి బయల్దేరితే ఆటోలో ప్రతివాళ్ళూ ఎందుకని అడుగుతారు. ఏమని చెప్పాలి? దానికి బదులు కోడలిని మంచం దిగనివ్వలేదు. పాలు, నెయ్యి దగ్గరుండి తినిపించింది. కొడుకు గిరి గొంతు పెంచితే కసిరింది. భారతి తలనొప్పి అంటే ఎండ అంది, కళ్ళు మసకలంటే నిద్ర చాలలేదంది. చెప్పినప్పుడల్లా అత్త మొహం మాడిపోతుంటే, చివరికి ఆ పిల్ల చెప్పడమే మానేసింది.

ఒక పొద్దున మొహం కడుక్కుంటూ ఫిట్స్ వచ్చి పడిపోయింది.

ఆసుపత్రిలో భారతి దక్కింది, బిడ్డ దక్కలేదు. మారెక్క డాక్టరమ్మకు చేతులు జోడించింది. "మేము దాన్ని పల్లెత్తు మాట అనలేదు తల్లీ!"

"ఎవరన్నారమ్మా మీరన్నారని? ఇది మనోవ్యాధి కాదు. బిడ్డకు రక్తం అందించే మాయ సరిగ్గా కుదురుకోలేదు. రక్తనాళాలను పెంచే పదార్థం తగ్గింది, దానికి అడ్డుపడేది తల్లి రక్తంలో ఎక్కువైంది. బీపీ అందుకే పెరిగింది. రావడంలో మీ తప్పేం లేదు." డాక్టరమ్మ ఆగింది. "ముందే తీసుకొచ్చుంటే బిడ్డ కూడా దక్కేదేమో. మీకు నర్సు చెప్పలేదా?"

మారెక్క జోడించిన చేతులు దించేసింది. చేయని తప్పు నెత్తిన పడుతుందని భయపడి, చేయకూడని తప్పు చేసి కూర్చుంది ఆ మహాతల్లి.

సాయంత్రానికి భారతి కళ్ళు తెరిచింది. బిడ్డ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. డాక్టరమ్మ బీపీ చూడటానికి చేతికి పట్టీ చుడుతుంటే, ఎండిన పెదవులు తడుపుకుని గబగబా అంది:

"మా అత్త మంచిది మేడమ్. నన్నేమీ అనదు."